పురుగే కదా అని స్ప్రే కొట్టేశా!

మా ఇంటి పక్కన ఓ ఖాళీ ప్లాటు ఉంది. నాలుగు వానలు పడ్డాయంటే చాలు, నడుం ఎత్తున వయ్యారిభామ మొలుస్తుంది. పేరుకే వయ్యారం! ఆ మొక్క పొడ తగిలితే మా అమ్మకు మెడ మీదా చేతుల మీదా దద్దుర్లు తేలతాయి. రాత్రంతా గోక్కుంటూ కూర్చుంటుంది.

పోయిన ఏడాది జులైలో ఆ మొక్కల మీద చిన్న చిన్న పురుగులు కనిపించాయి. బియ్యపు గింజంత పొడవు, గుండ్రటి వీపు, మీగడ రంగు పెంకు మీద ముదురు గోధుమ చారలు. ఫొటో తీసి ఫోన్‌లో యాప్‌ను అడిగా. ‘కొలరాడో బంగాళాదుంప పురుగు’ అంది. గూగుల్ చేస్తే ప్రపంచంలోనే పేరుమోసిన పంట తెగులు! మా పెరట్లో అమ్మ పెంచే వంగ, టమాటా గుర్తొచ్చాయి. అవీ బంగాళాదుంప చుట్టాలేగా. ఇంకేముంది, స్ప్రే డబ్బా తీసుకెళ్లి ఆ సాయంత్రమే కొట్టేశా. హీరోలా ఫీలయ్యా కూడా.

మర్నాడు పొద్దున ఒక విషయం తట్టింది. పెరట్లో వంగ ఆకు మీద ఒక్క చిల్లు కూడా లేదు. వయ్యారిభామ ఆకులు మాత్రం ఈనెలే మిగిలాయి. అప్పుడు చదవడం మొదలుపెట్టా. కొలరాడో పురుగు అసలు మన దేశంలోనే లేదు. నేను చంపింది దాని దూరపు బంధువు, జైగోగ్రామా బైకలరాటా. వయ్యారిభామను తినిపించడానికే శాస్త్రవేత్తలు మెక్సికో నుంచి తెప్పించి, 1984లో బెంగళూరులో వదిలిన పురుగు. అక్కణ్నుంచి పాకుతూ ఎగురుతూ మా ప్లాటు దాకా వచ్చింది. అంటే, అమ్మ దద్దుర్లకు మందు తనంతట తానే నడిచొస్తే, నేను దాని మీద విషం కొట్టా!

ఈ పురుగు మీద అనుమానపడ్డది నేనొక్కణ్నే కాదులెండి. 1990ల మొదట్లో కర్ణాటకలో పొద్దుతిరుగుడు చేలలో ఇది కనబడితే పెద్ద గొడవే అయింది. పరిశీలిస్తే దానికి అసలు తిండి వయ్యారిభామేనని తేలింది.

మరి ఆకు పురుగుల్ని ఎలా గుర్తుపట్టాలి? వీటి కుటుంబం పేరు క్రైసోమెలిడే. ప్రపంచంలో 30 వేలకు పైగా రకాలున్నాయి. అన్నీ మనవల్ల కాదు. నేను పాటించేవి నాలుగే.

మొదటిది, పురుగు కన్నా ముందు మొక్కను చూడండి. చాలా ఆకు పురుగులకు తిండి విషయంలో పట్టింపు ఎక్కువ. గుమ్మడి, దోస తీగల మీద నారింజ రంగులో కనిపిస్తే గుమ్మడి పెంకు పురుగు అనుకోవచ్చు. చిలగడదుంప ఆకు మీద బంగారు బొట్టులా మెరిస్తే తాబేలు పురుగు. దాన్ని చంపి సీసాలో పెట్టుకుందామనుకోకండి, ప్రాణంతోపాటే ఆ బంగారమూ పోతుంది.

రెండోది, మీసాలు చూడండి. అక్షింతల పురుగుకు పొట్టి మీసాలు, చివర చిన్న గుండు. ఆకు పురుగుకు దారంలా పొడుగ్గా ఉంటాయి. చుక్కల్ని నమ్ముకుంటే మోసపోతాం. పేనుబంకను తినే అక్షింతల పురుగు మన మిత్రుడే. కానీ అదే కుటుంబంలో ఒంటి మీద 28 చుక్కలున్న ఇంకోటి వంగ ఆకును జల్లెడ చేసేస్తుంది.

మూడోది, ఒక్క ఫొటోతో సరిపెట్టకండి. పైనుంచి ఒకటి, పక్కనుంచి ఒకటి, ముఖం ఒకటి, కూర్చున్న ఆకుతో సహా ఒకటి తీయండి. పొద్దున్నే వెళ్తే చల్లదనానికి మందకొడిగా ఉంటాయి. కొన్ని నీడ పడగానే టప్పున కింద పడిపోతాయి, కాబట్టి అరచెయ్యి అడ్డం పెట్టండి.

నాలుగోది, యాప్ చెప్పేది తీర్పు కాదు, ఊహ. ఐనాచురలిస్ట్ లాంటి చోట పెడితే తెలిసినవాళ్లు చూసి సరిచేస్తారు. ఆ పురుగు మన ప్రాంతంలో ఉందో లేదో కూడా చూసుకోండి. నేను ఆ ఒక్క పని చేసుంటే స్ప్రే డబ్బా ముట్టుకునేవాణ్నే కాదు.

ఈ పురుగులు చలికాలంలో మట్టిలోకి దిగి నిద్రపోతాయి, మళ్లీ వానలకు పైకొస్తాయి. ఈ ఏడాది తొలి వానల తర్వాత రోజూ వెళ్లి వెతికా. పదో రోజున ఓ ఆకు వెనక పసుపు రంగు గుడ్లు, పక్కనే చారల వీపు కనిపించాయి. ప్లాటు మొత్తం శుభ్రం చేయడం వీటి ఒక్కదానివల్ల కాదు. అందుకే పురుగుల్లేని వైపు మొక్కల్ని పూత రాకముందే గ్లౌజులేసుకుని నేను పీకుతున్నా. రెండో వైపు వాటికి వదిలేశా.

అమ్మ మాత్రం గోడ మీదనుంచి చూసి అడుగుతోంది: ‘ఒరేయ్, నీ పురుగులు తిన్నాయా ఇవాళ?’