నవ్వులాటకు బుట్టిన నాణెము

2013వ సంవత్సరము డిసెంబరు మాసమున ఇరువురు యువకులు ఒక క్రొత్త నాణెమును సృష్టించిరి. వారిలో బిల్లీ మార్కస్ అమెరికావాడు. జాక్సన్ పామర్ ఆస్ట్రేలియాలోని సిడ్నీ నగరమున ఉద్యోగము చేయుచుండినవాడు. నాణెమనగా చేతబట్టి మ్రోగింపదగినది కాదు. కంప్యూటర్ల లెక్కలలో మాత్రమే యుండు క్రిప్టోకరెన్సీ. అప్పటికే బిట్‌కాయిన్ అను నాణెమును గూర్చి లోకము మిక్కిలి గంభీరముగా ముచ్చటించుచుండెను. ఆ గాంభీర్యమును వెక్కిరించుటకే వీరు తమ నాణెమునకు ఒక కుక్క ముఖమును గుర్తుగా బెట్టి, డోజ్‌కాయిన్ అని పేరిడిరి. ఆ కుక్క జపానుదేశమున సకురా పట్టణములో ఒక శిశుపాఠశాల ఉపాధ్యాయిని పెంచిన కబోసు. 2010లో ఆమె తీసిన ఛాయాచిత్రమున కబోసు సోఫామీద కూర్చుండి ఓరచూపు చూచుచుండును. ఆ చూపునకు వచ్చీరాని యింగ్లీషు ముక్కలు తగిలించి జనులు నవ్వుకొనుచుండిరి. ఇట్లు చేతులు మారుచు వ్యాపించు హాస్యచిత్రమునే మీమ్ అందురు.

తొలిదినములలో ఒక్కొక్క డోజ్‌కాయిన్ ఖరీదు ఒక సెంటులో కొద్దిభాగము మాత్రమే. విలువలేనిది గనుక దాని నిచ్చుటకు ఎవ్వరును వెనుదీయలేదు. ఒకడు చక్కని ముక్క వ్రాసినను, తెలియని సంగతి బోధించినను, చదివినవారు వానికి నాలుగు నాణెములు పంపి మెప్పు తెలుపుచుండిరి. 2014 జనవరిలో, రష్యాలోని సోచీ నగరమున జరుగబోవు శీతకాలపు ఒలింపిక్ క్రీడలకు జమైకా దేశపు మంచుబండి జట్టు అర్హత నొందియు దారిఖర్చులు లేక యుండెను. ఈ కుక్కనాణెపు మిత్రులు కొలదిదినములలో సుమారు 30,000 డాలర్ల విలువగల నాణెములు కూర్చి పంపిరి. అదే సంవత్సరము కెన్యాదేశములోని టానానదీ ప్రాంతమున మంచినీటి వసతికై మరియొక చందా పోగుచేసిరి. ముఖపరిచయమైనను లేనివారు, పైన అధికారి యెవ్వడును లేక, పరిహాసము పేరిట జరిపిన యీ కార్యములను నేను తీసిపారవేయజాలను. నాలుగు బెంచీలకై యింటింటికి దిరిగి చందా వసూలుచేసిన యేయుపాధ్యాయునకైనను అది యెంత పనియో తెలియును.

ఇట్టి మైత్రి యెట్లు మారెను? ధర పెరిగినది; అంతే. 2021 ఆరంభమున ఒక సెంటునకు లోపుగా నున్న నాణెము, ఎలాన్ మస్క్ అను మహాధనికుని ప్రోత్సాహవాక్యములవలనను, క్రొత్తగా వచ్చి చేరిన జనసమూహముల యుత్సాహమువలనను, మే 8వ తేదీ నాటికి సుమారు 73 సెంట్లకు ఎగబ్రాకెను. ఆ రాత్రి అమెరికా టెలివిజనులో ఒక హాస్యప్రదర్శనమును ఆయనయే నడిపెను. తమ నాణెము నింకను పైకెత్తునని అభిమానులు కన్నులప్పగించి చూచుచుండగనే ధర దిగజారసాగెను. 2022 జూను నాటికి పది సెంట్లైనను లేకపోయెను. నాణెమును సృష్టించిన మార్కస్ 2015లోనే తనవన్నియు అమ్ముకొనెను. వచ్చిన సొమ్ము ఒక పాత హోండా కారుకు సరిపోయెనని ఆయనయే చెప్పుకొనెను. పామర్ కూడ ఆ యేడే విడిచిపోయెను.

ధర పెరిగిన నాణెమును ఊరక యెవడిచ్చును? పంచిపెట్టుటకు బుట్టినది దాచుకొనుటకైనది. దానితో వారి భాషయు మారెను. అమ్మకుండ పట్టుకొని యుండుటకు హోడ్ల్ అని పేరు. 2013లో ఒక బిట్‌కాయిన్ అభిమాని హోల్డ్ అను మాటను తప్పువ్రాయగా, ఆ తప్పే మంత్రమై కూర్చున్నది. (మా తరగతిలో నైనచో ఎఱ్ఱసిరా గీటు పడెడిది.) ధర పడినను చలింపనివానివి వజ్రపుచేతులు, భయపడి అమ్మినవానివి కాగితపుచేతులు. అందరును బిగబట్టి యున్నయెడల నాణెము చంద్రమండలమునకు బోవునట!

ఈ మాటల వెనుకనున్న లెక్క చూడుడు. డోజ్‌కాయిన్ నిమిషమునకు 10,000 చొప్పున క్రొత్తగా బుట్టుచుండును. సంవత్సరమునకు 500 కోట్లకు పైమాట. దానికి తుదిహద్దు లేదు. ధర నిలువవలెనన్న ఇన్నిటిని కొనువారు ఎల్లప్పుడు దొరకుచుండవలెను. కంపెనీ వాటాకును కొనువాడు కావలెను గదా యని అడుగుదురు. కావలెను, కాని దాని వెనుక ఒక కార్ఖానాయో, సరకో, పనివారి శ్రమయో యుండి ఆదాయ మార్జింపగలదు. ఇచ్చట ముందువచ్చినవాని లాభము తరువాత వచ్చినవాని జేబునుండియే రావలయును. కావున ఆ గుంపులో ప్రతి స్నేహితుడును మరియొకనికి బేరగాడు. "అమ్మవలదు, తమ్ముడా" అని హెచ్చరించువాడు ఆ తమ్ముని మేలు కోరుచున్నాడా, తాను అమ్ముకొనువరకు ధర నిలుపుకొనుచున్నాడా? అది వానికే తెలియకపోవచ్చును. మోసగానినైన ఎన్నడో యొకనాడు పట్టవచ్చును. తనకే తెలియకుండ ఆశపడుచు, ప్రేమతో పిలుచు మిత్రుని పట్టుటెట్లు?

మన సినిమా అభిమాన సంఘముల పిచ్చి మాత్రము తక్కువయా అని తలిదండ్రులు నవ్వవచ్చును. నాయకుని బొమ్మకు పాలు పోయుట నాకును నచ్చదు. అయినను వాడు పోగొట్టుకొనునది టిక్కెట్టు వెల, పాల ఖరీదు. ఆట ముగిసిన పిమ్మట తన చినిగిన టిక్కెట్టును ప్రక్కింటివానికి ఎక్కువ వెలకు అంటగట్ట నక్కరలేదు. కుక్కనాణెపు అభిమానికి ఆ యక్కర యున్నది.

మన దేశమునకు దగ్గరైన సంగతి యొకటి కలదు. ఇదే కుక్కజాతి పేరిట షిబా ఇను అను మరియొక నాణెము వెలసెను. దానిని పుట్టించినవారు, అడుగకయే, అందులో సగభాగమును విటాలిక్ బ్యుటెరిన్ అను ప్రసిద్ధ క్రిప్టో నిపుణునికి పంపిరి. 2021 మే నెలలో, కరోనా రెండవతాకిడికి మన ఆసుపత్రులలో ప్రాణవాయువు కఱవైన దినములలో, ఆయన అందుండి 50 లక్షల కోట్ల నాణెములను భారతదేశపు సహాయనిధి కొకదానికి దానముచేసెను. కాగితముమీద దాని విలువ సుమారు 100 కోట్ల డాలర్లు. ఆ వార్త వెలువడగానే నాణెపు ధర గబగబ పడిపోయెను. ఏలయనగా నిధివారు వాటిని అమ్మినగాని మందులు రావు. అమ్మినచో ధర నిలువదు. ప్రపంచమంతయు మెచ్చదగిన దానమును జూచి, ఆ నాణెమును బట్టుకొన్నవారు భీతిల్లవలసి వచ్చెను. జమైకాజట్టుకు చందా పంపిననాడు ఎవ్వరు నిట్లు భయపడలేదు.

తలిదండ్రులకు ఒక్క మాట. 2022 ఏప్రిలు 1వ తేదీనుండి మన ప్రభుత్వము ఇట్టి నాణెముల లాభముపై నూటికి 30 వంతుల పన్ను విధించెను. పన్ను వేసిరి గనుక ప్రభుత్వము పూచీపడినదని మీ కుమారుడు వాదించిన నమ్మవలదు. ఒక నాణెములో వచ్చిన నష్టమును మరియొకదాని లాభమునుండి తగ్గించి చూపుకొనుటకైనను ఆ చట్టము ఒప్పుకొనదు.

పై తరగతుల విద్యార్థులారా, మీలో కొందరి సెల్‌ఫోనులలో ఇట్టి గుంపులున్నవని నేనెరుగుదును. అందలి హాస్యము మంచిదే; నేనును కబోసు బొమ్మనుజూచి నవ్వితిని. ఎవడైనను ఆ గుంపులో "ఇంటివద్ద అవసరము కలిగినది, నావి అమ్మివేసితిని" అని వ్రాసిననాడు వానికి వచ్చు ప్రత్యుత్తరములను మాత్రము ఓపికగా చదువుడు. ఆ పిమ్మట వచ్చి నాతో వాదింపుడు. సాయంకాలము నాలుగున్నర వరకు నేను బడిలోనే యుందును.