పాత యంత్రమును పాఱవేయుటకు ముందు

గడచిన వేసవి సెలవులకు ముందు మా వృత్తివిద్యా కర్మశాలలోని లేతు యంత్రమును తుక్కు క్రింద అమ్మివేయవలయునా, నిలుపుకొనవలయునా యను ప్రశ్న పుట్టినది. ఆ యంత్రము మా యొద్దకు వచ్చుటకు పూర్వమే యొక కర్మాగారమున చిరకాలము పనిచేసినది. దాని యినుప పీఠము నేటికిని దృఢముగా నున్నది. స్పిండిలు తిన్నగా తిరుగుచున్నది. చెడినదెల్ల ప్రక్కనున్న బీరువా వంటి పెట్టెలోని కంట్రోలరు. ఉదయమంతయు చక్కగా పనిచేసి, మధ్యాహ్నము రెండు గంటలైనతోడనే తెర నల్లబడి, పని నడుమ యంత్రము ఆగిపోవుచుండెను. చూడవచ్చిన మెకానిక్కు పెట్టె మూతయైనను విప్పక, ఇది పాతబడినది, క్రొత్తది కొనుడని చెప్పి వెడలిపోయెను. క్రొత్తది కొనుటకు మాకు ధనము లేదు. దీని నమ్మివేసినచో మా పిల్లలు చేయిపెట్టి నేర్చుకొనుటకు వేఱొక యంత్రమును లేదు.

నాడి చూడక మందిచ్చు వైద్యుని మనము నమ్మము. కారణమెఱుగక యంత్రమును త్రోసివేయువానిని మాత్రము ఏల నమ్మవలయును? కారణమును వెదకు క్రమమును బాలురకు నేర్పుట విద్యలో నొక ముఖ్యభాగమని మా యభిప్రాయము.

కంట్రోలరనగా నేమో యెఱుగని తలిదండ్రుల కొఱకు ఒకటి రెండు మాటలు చెప్పెదము. పనివాడు చేతితో చక్రమును త్రిప్పుటకు మాఱుగా, అంకెలలో వ్రాసిన ఆజ్ఞలను చదివి, మోటారులను నడిపి, లోహమును కావలసిన కొలతకు కోయించు సాధనమే కంట్రోలరు. అమెరికాలోని మిచిగన్ రాష్ట్రవాసియగు జాన్ పార్సన్స్, హెలికాప్టరు రెక్కల పనిలో నుండగా ఈ యూహను పెంపొందించి, 1949లో ఆ దేశపు వైమానిక దళముతో ఒప్పందము చేసికొనెను. 1952లో మసాచుసెట్స్ సాంకేతిక విద్యాలయమువారు చిల్లుల పట్టీని చదివి నడుచు మిల్లింగు యంత్రమును లోకమునకు చూపిరి. నాటి కంట్రోలరు గాజు గొట్టములతో నిండిన పెద్ద బీరువా. పిమ్మట ట్రాన్సిస్టరులును, చిప్పులును వచ్చి దానిని చిన్నది చేసినవి. అయినను ఒక సంగతి మాఱలేదు. ఇనుము నిలిచినంత కాలము విద్యుత్తు భాగములు నిలువవు. పంకా బిగిసికొనిపోవును, బాటరీ వట్టిపోవును, కెపాసిటరులలోని ద్రవము ఎండిపోవును. వేడిమి పది డిగ్రీలు హెచ్చినచో అట్టి కెపాసిటరు ఆయువు సగమగునని స్థూలమైన లెక్క కలదు.

ఇక మేమనుసరించిన క్రమమును చెప్పెదము. మొదట పనిముట్టును ముట్టలేదు, పుస్తకమును తెఱచితిమి. యంత్రము ఏ దినమున, ఏ గంటకు, ఏ పనిలో నుండగా ఆగుచున్నదో ఇద్దఱు విద్యార్థులు ఒక వారము వ్రాసిరి. ఎండ కాసిన దినములలో మధ్యాహ్నమున ఆగినది. అకాలవర్షము కురిసి గాలి చల్లబడిన యొక్క దినమున మాత్రము సాయంకాలము వఱకు ఆగలేదు. వేడిమికిని ఈ రోగమునకును సంబంధము కలదని ఆ పుస్తకమే మాకు చెప్పినది.

పిమ్మట ప్రధానమైన స్విచ్చిని ఆపి, దానికి తాళమువేసి, పెట్టెను తెఱచితిమి. కన్నులతో చూచుటయు, ముక్కుతో వాసన చూచుటయు మొదటి పరీక్షలు. గాలి వచ్చు జాలి నూనెతోను ఇనుప పొడితోను పూడిపోయియుండెను. పంకా వ్రేలితో త్రిప్పినను తిరుగలేదు. జాలిని శుభ్రపఱచి, పంకాను మార్చితిమి. రోగము తగ్గెను గాని పోలేదు. ఇల్లలుకగానే పండుగ కాదు గదా! అప్పుడు మల్టీమీటరుతో కొలత మొదలిడితిమి. కంట్రోలరునకు 24 వోల్టులందవలసిన చోట ఉదయమున 24 కనబడెను; మధ్యాహ్నము యంత్రము పనిలో నుండగా అది 20కి జాఱెను. కంట్రోలరు బుద్ధి చెడలేదు; దానికి అన్నము పెట్టునది ముసలిదైనది. అదే కొలతగల క్రొత్త విద్యుత్ సరఫరా పెట్టెను అమర్చిన నాటినుండి యంత్రము మధ్యాహ్నమున ఆగలేదు. ఒకేసారి నాలుగు భాగములు మార్చియున్నచో ఏది కారణమో మాకు తెలిసియుండెడిది కాదు. ఒక్కొక్క మార్పు, దాని పిమ్మట ఒక్కొక్క పరీక్ష; ఇదియే ఈ పనికి మూలసూత్రము.

ఈ సందర్భమున మా తప్పిదము నొకదానిని దాచక చెప్పవలయును. పాతదైనదని తలంచి, విద్యుత్తు ఆపియున్నప్పుడే మేము కంట్రోలరు జ్ఞాపకమును కాపాడు బాటరీని తీసివేసితిమి. అట్టి పాత కంట్రోలరులలో బాటరీని, విద్యుత్తు నడచుచుండగనే, సూచనల ననుసరించి జాగ్రత్తతో మార్చవలయును. మేమట్లు చేయకపోవుటచే యంత్రపు హద్దులు, మోటారుల లెక్కలు మొదలగునవి యన్నియు తుడిచిపెట్టుకొనిపోయినవి. ఆ రాత్రి మాకు నిద్రపట్టలేదు. అయితే పెట్టె తలుపు లోపలివైపున ఒక ముద్రిత పట్టిక అతికింపబడియుండెను. దానిపై ఎవరో పూర్వపు పనివాడు మార్చిన అంకెలను ఎఱ్ఱసిరాతో దిద్ది తేదీలు వేసియుండెను. రెండు దినములు కూర్చుండి ఆ యంకెలన్నిటిని మరల ఎక్కించితిమి. మేము మొగమెఱుగని ఆ పనివాని వ్రాత మా యంత్రమును బ్రతికించినది. ఇప్పుడా లెక్కలను తీగద్వారా కంప్యూటరులోనికి దింపి, కాగితముపై నొక ప్రతిని గూడ పెట్టెలో నుంచితిమి.

ఇది పిల్లలాట కాదని తలిదండ్రులకు మనవి. స్విచ్చి ఆపిన పిమ్మటను మోటారులను నడుపు భాగములలోని కెపాసిటరులు ప్రాణాపాయకరమగు విద్యుత్తును కొంతసేపు నిలుపుకొనును. కావున ఆగవలసినంతసేపు ఆగి, కొలిచి చూచినగాని చేయి పెట్టరాదు. విద్యుత్తున్న పెట్టెను విద్యార్థి యెన్నడును తెఱవరాదు. ఆ కొలతలు శిక్షణ పొందినవారే తీయవలయును. పని నడచుటకై రక్షణ స్విచ్చులకు అడ్డదారి తీగ వేయుట మరమ్మతు కాదు, నేరము.

పాతదానికై ఇంత శ్రమయేల, క్రొత్తదానిలో సదుపాయములు హెచ్చుగదాయని కొందఱందురు. అందులో కొంత సత్యమున్నది. విడిభాగములు దొరకక, రక్షణ సాధనములు నమ్మరానివైనప్పుడు కంట్రోలరును విడుచుటయే మేలు. అప్పుడును ఇనుమును విడువ నక్కఱలేదు. పాత పీఠమునకు క్రొత్త కంట్రోలరును అమర్చువారు కలరు. అమెరికా ప్రభుత్వపు ప్రమాణముల సంస్థలో పుట్టి, నేడు లినక్స్ సి.ఎన్.సి. అను పేర వెల లేక దొరకు ప్రోగ్రాముతో సామాన్యమైన కంప్యూటరునే కంట్రోలరుగా మార్చుకొనువారును కలరు. ఏ దారి పట్టవలయునన్నది పరీక్ష పిమ్మట తేలవలసిన మాట. పరీక్షకు ముందే తీర్పు చెప్పుటనే మేము కాదనుచున్నాము.

కావున మా విన్నపములు మూడు. పాఠశాల పెద్దలు ప్రతి యంత్రమునకును ఒక మరమ్మతు పుస్తకమును, పటములను, లెక్కల ప్రతిని భద్రపఱపవలయును. తలిదండ్రులు, చేతికి మసి యంటిన పనిని తక్కువ చదువుగా నెంచరాదు. ఆ వారము రోజుల పుస్తకమును వ్రాసిన బాలుడు తర్కమును నేర్చినాడు. విద్యార్థులారా, మీరు ఏది విప్పినను, ఏది దిద్దినను, తేదీ వేసి వ్రాసియుంచుడు. మీ తరువాత ఆ పెట్టెను తెఱచువానికి మీ పేరు తెలియకపోవచ్చును. మీ వ్రాత వానికి అక్కఱకు వచ్చును. మా లేతు యంత్రము నేడు మధ్యాహ్నమున గూడ తిరుగుచున్నది. దాని తలుపు లోపల ఎఱ్ఱసిరా వ్రాత క్రింద మా విద్యార్థుల నీలిసిరా వ్రాత చేరినది.