చింతచెట్టుకు కాపలా సరే, చెరువుకో?

ఉమ్మడి అనంతపురం జిల్లా చిలమత్తూరు మండలం వీరాపురంలో ఊరి నడుమ చింతచెట్ల మీద ఎర్రకాళ్ల కొంగలు గూళ్లు కట్టుకుంటాయి. చలికాలం చివర్లో వచ్చి, గుడ్లు పెట్టి, పిల్లల్ని పెంచుకుని వానాకాలంలో వెళ్లిపోతాయి. కాన్పుకు పుట్టింటికి వచ్చిన ఆడబిడ్డల్లా ఊరు వాటిని చూసుకుంటుంది. వాటిని కొట్టరు, కొట్టనివ్వరు, గూడున్న కొమ్మ నరకరు. ఈ ఆదరణ ఊరికే రాలేదు. గూళ్లున్న చెట్టుకు రెట్టలు పడి ఆకు మాడుతుంది, చింతకాయ దిగుబడి పోతుంది. ఎండాకాలంలో గూళ్లలోంచి జారిపడ్డ చేపలు వాకిట్లోనే కుళ్లి కంపు కొడతాయి. జీతం లేకుండా తరాలుగా ఇంత భరిస్తున్న ఊరిని పొగడటం తేలిక. ఆ పొగడ్తతోనే మన బాధ్యత తీరిపోయిందనుకోవడం మాత్రం తప్పు. ఎందుకంటే ఈ కొంగల బతుకు తేలేది చెట్టు మీద కాదు, చెరువులో.

వీటిని సైబీరియా కొంగలని అనడం అలవాటైపోయింది. అది నిజం కాదు. ఇవి మన దేశపు పక్షులే. నీళ్లూ చేపలూ ఉన్న చోటు వెతుక్కుంటూ మైదానాల్లో తిరుగుతాయి. ఎక్కడో మంచు దేశంలో ముప్పు వచ్చిందని చెప్పి మనం తప్పించుకునే వీలు లేదన్నమాట. ఈ కొంగ వేటాడే తీరు గమనిస్తే సంగతి ఇంకా స్పష్టమవుతుంది. మోకాలి లోతు మించని నీళ్లలో నిలబడి, ముక్కు సగం తెరిచి నీళ్లలో ముంచి, అటూ ఇటూ ఊపుతుంది. చేప ముక్కుకు తగలగానే టక్కున మూస్తుంది. కంటితో చూసి పట్టేదానికంటే తగిలితే పట్టేదే ఎక్కువ. కాబట్టి దీనికి కావలసింది లోతైన నీళ్లు కాదు, ఏటవాలుగా పల్చబడుతూ పోయే చెరువు అంచు. వేసవిలో నీళ్లు తగ్గేకొద్దీ చేపలు ఆ అంచుల్లో కిక్కిరుస్తాయి, గూళ్లలో పిల్లల ఆకలి పెరిగేదీ అప్పుడే. మట్టి కోసం చెరువులో నిటారు గోతులు తవ్వితే ఆ అంచు పోతుంది. నీళ్లు నిండినా కొంగ దిగలేదు. మడుగులన్నీ సర్కారు తుమ్మ కమ్మేసినా అంతే. మిగిలిన కాస్త నీటినీ మోటార్లు పెట్టి తోడేస్తే పిల్లలు గూళ్లలోనే మాడిపోతాయి. చెట్టు కింద ఎంతమంది కాపలా ఉన్నా ఆ చావును ఆపలేరు.

శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురం నేర్పిన పాఠమూ ఇదే. అక్కడా ఊరు పక్షుల్ని ప్రాణంలా కాపాడుకుంటుంది. అయినా కొన్నేళ్ల కిందట గూడబాతులు పెద్ద సంఖ్యలో చచ్చిపోయాయి. తిన్న చేపల ద్వారా పొట్టలో చేరిన పరాన్నజీవి పురుగులే కారణమని తేలింది. ముప్పు వచ్చింది చెట్టు నుంచి కాదు, మేత దొరికే నీళ్ల నుంచి.

దేశంలోకెల్లా వానలు తక్కువ పడే ప్రాంతాల్లో ఒకటైన ఉమ్మడి అనంతపురంలో, మనుషులకే నీళ్లు లేనప్పుడు కొంగలకేమిటని అడిగేవాళ్లున్నారు. న్యాయమైన ప్రశ్నే. అయితే కొంగ కోసం వేరే చెరువు తవ్వమని ఎవరూ అనడం లేదు. పూడిక తీసేటప్పుడు ఒక పక్క గట్టు ఏటవాలుగా వదలడం, అడుగున కొంత నీరు ఉంచడం పశువులకూ, చుట్టుపక్కల బోర్లకూ పనికొచ్చేవే. హంద్రీ–నీవా కాలువతో పెనుకొండ పక్కన గొల్లపల్లి జలాశయానికి కృష్ణా నీళ్లు చేరాయి. చెరువులకు నీళ్లు పంచే లెక్కల్లో వీరాపురం చుట్టుపక్కల చెరువులనూ చేర్చడం అసాధ్యమేమీ కాదు. అటవీ శాఖ అడుగుపెడితే ఊరి చేతులు కట్టేస్తుందన్నది మరో భయం. వన్యప్రాణి చట్టానికి 2002లో చేసిన సవరణ కమ్యూనిటీ రిజర్వుకు దారి చూపింది. అందులో భూమి యాజమాన్యం మారదు, ఊరు ఒప్పుకుంటేనే ప్రకటన. నిర్వహణ సంఘంలో సాధారణంగా పంచాయతీ లేదా గ్రామసభ తరఫున కనీసం ఐదుగురు ఉంటే, శాఖ తరఫున ఒక్కరే ఉంటారు. భూమి వాడకం మార్చాలంటే మాత్రం సంఘం తీర్మానంతో పాటు ప్రభుత్వ ఆమోదమూ కావాలి. ఈ మెలిక ఉందని ఊరికి ముందే చెప్పాలి. కర్ణాటకలో మండ్య జిల్లా కొక్కరె బెళ్లూరుకు ఈ హోదా 2007లోనే వచ్చింది. అక్కడ గూళ్లున్న చింతచెట్ల యజమానులకు అటవీ శాఖ పరిహారమిస్తోంది. డబ్బు ముట్టితే ప్రేమ పోతుందంటారు కొందరు. పోగొట్టుకున్న చింతపండుకు వెల కట్టి ఇవ్వడం ప్రేమను కొనడం కాదు. పేదవాడి నష్టాన్ని సంప్రదాయం పేరుతో ఊరికే వాడుకోకపోవడం.

ప్రేమతో పాటు లెక్క కూడా ఎందుకు కావాలో ఒక దూరపు ఉదాహరణ చెబుతుంది. బ్రిటన్‌లో ఆంగ్లెసీ దీవిలో ఎర్ర ఉడతలు 1998 నాటికి దాదాపు నలభైకి పడిపోయాయి. అమెరికా నుంచి తెచ్చిన బూడిదరంగు ఉడతలు వాటి మేతను, చోటును లాక్కున్నాయి, వ్యాధినీ అంటించాయి. స్థానిక స్వచ్ఛంద కార్యకర్తలు కూడా చేయి కలిపి, ఎక్కడ ఏ ఉడత కనిపించిందో నమోదు చేస్తూ, బూడిదరంగు వాటిని తొలగిస్తూ ఏళ్ల తరబడి పట్టుబట్టాక ఎర్ర ఉడతలు మళ్లీ వందల్లోకి పెరిగాయి. వీరాపురానికి ప్రేమ కొరత లేదు, కొరతంతా ఆ నమోదుకే. ఏ చెట్టు మీద ఎన్ని గూళ్లు, ఎన్ని పిల్లలు ఎగిరాయి, ఏ చెరువులో ఏ నెల దాకా నీళ్లున్నాయి అన్న లెక్క ఉంటే అధికారి ముందు ఊరి మాట చెల్లుతుంది. చిలమత్తూరు, లేపాక్షి, హిందూపురం కాలేజీల విద్యార్థులు ఈ పని చేయగలరు; జాతీయ సేవా పథకం ఉన్నది ఇలాంటి వాటికే. వచ్చే గూళ్ల కాలానికి ముందే వీరాపురం గ్రామసభను పిలవండి. పరిహారం, చెరువు, కమ్యూనిటీ రిజర్వు – మూడూ ఒకే తీర్మానంలో పెట్టి జిల్లా కలెక్టరుకు పంపండి.