తుపాకి చెప్పు సాక్ష్యము

2025వ సంవత్సరము అక్టోబరు 17వ తేదీన జగదల్పూరులో 210 మంది మావోయిస్టులు లొంగిపోయి 153 ఆయుధములను ప్రభుత్వమునకు అప్పగించిరి. భద్రాచలమునుండి చింతూరు, కొంటా, సుక్మాల మీదుగ సాగు బాట ఆ పట్టణమునకే చేరును. కనుక ఆ ఆయుధముల పట్టికను మా ఖమ్మము ప్రాంతమువారు తమ ఇంటి వార్తగనే చదివిరి. ఏ.కె.47లు 19, ఇన్సాస్ రైఫిళ్లు 23, ఎస్.ఎల్.ఆర్.లు 17, పాత .303 రైఫిళ్లు 36, పిస్టలు మాత్రమొక్కటి.

ఆ పట్టిక చూచిన విద్యార్థి యొకడు నన్నడిగెను: "మాస్టారూ, పిస్టలు భాగముమీద విదేశీ కంపెనీ పేరున్నచో అది విదేశమువారు ఇచ్చినదే గదా?" ఈ ప్రశ్న పెద్దలు కూడ వేయుచున్నారు, కొందరు ప్రశ్నింపకయే తీర్పు చెప్పుచున్నారు.

తెలుగు చదువుకొన్నవారికి దీని సమాధానము కష్టము కాదు. తాళపత్ర గ్రంథములో నడుమ ఆకులు నశించినచో, లేఖకుడు మరియొక ప్రతి చూచి క్రొత్త ఆకులు వ్రాసి చేర్చును. అతని పేరు ఆ ఆకులపై కనబడినంత మాత్రమున కావ్యమతనిది కాజాలదు. పిస్టలు సంగతియు నిట్టిదే. అందు చట్రము, గొట్టము, పైన కదలు స్లైడు, తూటాలుంచు మ్యాగజీను వేరువేరు భాగములు. గొట్టము అరుగును, స్ప్రింగు సడలును, మ్యాగజీను పోవును. వాని స్థానమున వచ్చిన క్రొత్త భాగము తన తయారీదారుని పేరునే చెప్పును గాని, ఆయుధపు చరిత్రనంతటిని చెప్పదు. అందువలననే 2005లో ఐక్యరాజ్యసమితి అంగీకరించిన విధానము ప్రధాన సంఖ్య చట్రమువంటి ముఖ్యభాగముపై ఉండవలెననియు, ఇతర భాగములపై కూడ గుర్తు వేయుట మంచిదనియు చెప్పుచున్నది.

గుర్తులన్నియు నొక్కరకమువి కావు. తయారీదారుని పేరు వేరు. ప్రేలుడు ఒత్తిడికి గొట్టము తాళునని పరీక్షించినవారి ముద్ర వేరు. యజమాని ముద్ర వేరు. పాత బ్రిటిషు రైఫిళ్లపై కనబడు బాణపు గుర్తు ప్రభుత్వపు సొత్తని తెలుపును. రూపకర్త పేరు మరియొకటి. మన సైన్యము వాడిన 9 మి.మీ. పిస్టలు రూపము బ్రౌనింగుది, తయారీ బెంగాలులోని ఇషాపూరు కర్మాగారముది. ఆయుధ కర్మాగారముల బోర్డు 2021 అక్టోబరు 1న రద్దయి ఏడు ప్రభుత్వ సంస్థలుగ మారినది. కర్మాగారమదియే, యాజమాన్యపు పేరు మారెను.

ఇప్పుడు పట్టికను మరల చూడుడు. ఇన్సాస్, ఎస్.ఎల్.ఆర్., .303 రైఫిళ్లు మన కర్మాగారములలో తయారైన రకములు. 2004 ఫిబ్రవరిలో కోరాపుటులో, 2008 ఫిబ్రవరిలో నయాగఢులో పోలీసు ఆయుధాగారములు దోపిడికి గురియైనవి. ఈ మన్యమునకు ఇది క్రొత్త కథ కాదు. 1922 ఆగస్టు 22, 23, 24 తేదీలలో అల్లూరి సీతారామరాజు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి స్టేషనులనుండి 26 తుపాకులు తీసికొనిపోయెను. తీసికొన్నవాని వివరము స్టేషను పుస్తకమున వ్రాసి సంతకము చేసెనని ప్రసిద్ధి. ఆనాడు పుస్తకము చెప్పినదానిని ఈనాడు ఉక్కుపై సంఖ్య చెప్పవలెను.

గుర్తు లేకుండుటయు నొక సాక్ష్యమే. 2025 ఏప్రిల్, మే నెలలలో కర్రెగుట్టలలో బలగములు నాలుగు ఆయుధ తయారీ కేంద్రములను ధ్వంసము చేసినవి. అట్టి అడవి కొలిమిలో పుట్టిన తుపాకికి కంపెనీ పేరెక్కడిది?

ఇది పాండిత్యపు వినోదము కాదు. 1959 నాటి ఆయుధముల చట్టములోని 8వ సెక్షను సంఖ్యను చెరుపుట నిషేధించుటయే గాక, చెరిపిన తుపాకి యెవని వద్ద దొరకునో అతడే చెరిపెనని, కాదని రుజువగువరకు, భావించును. బెదిరింపునకు లోబడి తుపాకిని ఇంట దాచిన కోయ రైతు తన నిర్దోషిత్వమును ఎట్లు రుజువు చేసికొనగలడు? ఇంకొకవైపు, పోయిన ప్రతి ప్రభుత్వపు తుపాకి వెనుక ఒక కానిస్టేబులు మరణమే యుండవచ్చును. విదేశీ నామమొక్కటి చూచి మనము కేకలు వేసినచో ఈ రెండు కథలును మరుగున పడును.

అప్పగించిన ఆయుధములను ప్రభుత్వమువారు ఏమి చేసినను, అంతకుముందు ప్రతిదాని చట్రపు సంఖ్యను, భాగముల గుర్తులను నమోదు చేసి, అది ఏ ఆయుధాగారమున, ఏనాడు పోయినదో ప్రజలకు తెలుపవలెను. ఉపాధ్యాయులు చేయదగినది మరియొకటి కలదు. ఒక్క అక్షరము చూచి శాసనమంతయు చదివితిమనుకొనరాదని పిల్లలకు నేర్పుడు. ఈ అడవి అంచున పెరుగువారికి ఆ పాఠము ఇతరులకంటె ఎక్కువ అవసరము.