నొక్కేది ఎక్కడుందిరా?

మీ చేతిలో ఉన్న ఫోన్‌ని ఒకసారి చూడండి. స్క్రీన్ మీద మౌస్ బాణం ఉందా? ఉండదు కదా. ఇంత చిన్న సంగతి మర్చిపోయి, ఆవకాయ సీజన్‌లో మూడు రోజుల ఆర్డర్లు పోగొట్టాను. నావి కాదు, మా పిన్నివి.

పిన్ని ఇంట్లోనే పచ్చళ్లు పెట్టి అమ్ముతుంది. వాట్సాప్‌లో వచ్చే ఆర్డర్లు నోట్‌బుక్‌లో రాసుకోలేక అవస్థపడుతుంటే, "నేను వెబ్ పేజీ చేసిస్తాలే పిన్నీ" అన్నాను. శని, ఆదివారాలు కూర్చుని చేశా. ఎక్కువ టైమ్ తిన్నది మాత్రం 'ఆర్డర్ చేయండి' అనే బటనే. వెనక ఎర్రటి ఆవకాయ ఫోటో, దాని మీద తెల్ల అంచు, తెల్ల అక్షరాలు. మౌస్ పైకి తీసుకెళ్తే ఎడమ నుంచి కుడికి పచ్చరంగు పాకుతుంది. దీన్నే హోవర్ ఎఫెక్ట్ అంటాం.

చేయడం కష్టమేం కాదు. ఉన్న రంగు మెల్లగా మారితే చాలనుకుంటే, సీఎస్‌ఎస్‌లో బ్యాక్‌గ్రౌండ్-కలర్‌కి 0.3 సెకన్ల ట్రాన్సిషన్ ఇస్తే సరి. రంగు పాకాలంటేనే చిన్న కిటుకు కావాలి. ఒక గ్రేడియెంట్‌ని నేరుగా ఇంకో గ్రేడియెంట్‌గా మారిస్తే మెల్లగా మారదు, టక్కున మారిపోతుంది. అందుకే ఒకే గ్రేడియెంట్ తీసుకుని, బ్యాక్‌గ్రౌండ్-సైజ్‌లో వెడల్పు 200 శాతం ఇస్తాం. బటన్‌కి రెండింతలు వెడల్పున్న గుడ్డ అనుకోండి: ఎడమ సగం పచ్చ, కుడి సగం ఖాళీ. మామూలుగా కుడి సగం కనిపిస్తుంది. హోవర్‌లో బ్యాక్‌గ్రౌండ్-పొజిషన్‌ని ఎడమకి మారిస్తే, పచ్చ సగం జరిగి ముందుకొస్తుంది. కిటికీకి కర్టెన్ లాగినట్టే. ఒక జాగ్రత్త: ట్రాన్సిషన్ లైన్‌ని హోవర్ రూల్‌లో కాదు, మామూలు బటన్ రూల్‌లో రాయాలి. లేకపోతే పాకుతూ వచ్చిన రంగు, పోయేటప్పుడు ఒక్కసారిగా మాయమవుతుంది.

నా ల్యాప్‌టాప్‌లో అదిరిపోయింది. పిన్ని లింక్‌ని కస్టమర్లందరికీ పంపేసింది. మూడు రోజులు ఒక్క ఆర్డరూ రాలేదు. నాలుగో రోజు ఫోన్ చేసింది: "ఏరా, ఫోటో బాగుంది గానీ, నొక్కేది ఎక్కడుందిరా?"

అప్పుడు నా ఫోన్‌లో తెరిచి చూశా. చిన్న స్క్రీన్ కదా, ఫోటో పైకి వెళ్లిపోయి బటన్ కిందికి జారింది. తెల్ల పేజీ మీద పడింది. తెలుపు మీద తెలుపు! పచ్చరంగు వస్తే తప్ప అక్షరాలు కనపడవు. వేలు తగిలితే తప్ప పచ్చరంగు రాదు. కనపడని దాన్ని ఎవరు తాకుతారు?

వెంటనే బటన్‌కి మొదటి నుంచే పచ్చరంగు ఇచ్చి, హోవర్‌లో ముదురుపచ్చ పాకేలా మార్చాను. ఆర్డర్లు మొదలయ్యాయి. మర్నాడు మళ్లీ పిన్ని: "నొక్కి వెనక్కొచ్చినా ఆ ముదురు రంగు పోవట్లేదురా. ఆర్డర్ వెళ్లినట్టా, వెళ్లనట్టా?" టచ్ స్క్రీన్‌తో ఇదో తంటా. వేలితో తాకితే హోవర్ అంటుకుపోతుంది, ఇంకోచోట తాకేదాకా వదలదు. హోవర్ రూల్ మొత్తాన్ని 'హోవర్: హోవర్' అనే మీడియా క్వెరీ లోపల పెడితే, మౌస్ లాంటివి ఉన్నచోటే పనిచేస్తుంది. వేలితో నొక్కేవాళ్లకి 'యాక్టివ్' స్టేట్‌లో, కీబోర్డ్‌తో వచ్చేవాళ్లకి 'ఫోకస్-విజిబుల్'లో తేడా చూపించాను. కదిలే బొమ్మలు పడక ఫోన్ సెట్టింగ్స్‌లో యానిమేషన్లు తగ్గించుకునేవాళ్లూ ఉంటారు. వాళ్లకోసం 'ప్రిఫర్స్-రెడ్యూస్డ్-మోషన్' క్వెరీలో ట్రాన్సిషన్ తీసేశాను. అన్నీ కలిపి పది, పన్నెండు లైన్లు. ముందే రాసుంటే సరిపోయేది.

ఆ మూడు రోజుల్లో ఎంతమంది వేరేచోట పచ్చడి కొనుక్కున్నారో లెక్క తేలదు. పిన్ని నన్ను ఒక్క మాటా అనలేదు. ఆ ఏడాది నాకు పంపిన ఆవకాయ సీసా మాత్రం కాస్త చిన్నదే!

మీరూ ఏదైనా పేజీ చేస్తుంటే, ల్యాప్‌టాప్‌లో చూసుకుని మురిసిపోకండి. ఇంట్లో ఎవరో ఒకరి ఫోన్‌లో తెరిచి, ఒక్క ముక్క కూడా చెప్పకుండా వాళ్ల చేతికివ్వండి. వాళ్ల వేలు ఎక్కడికి వెళ్తుందో చూడండి. నేరుగా బటన్ దగ్గరికి వెళ్తే, అప్పుడు కూర్చుని మీ ఇష్టమొచ్చినంత యానిమేషన్ చేసుకోండి.