మానినవారి మాట



తాగుడు మానమని వార్డులో మేమెంత చెప్పినా తల ఊపి, ఇంటికెళ్ళి మళ్ళీ తాగేవారున్నారు. అదే మాట మానినవారు తమ కథగా చెబితే శ్రద్ధగా వింటారు. 1935లో అమెరికాలోని ఏక్రన్ పట్టణంలో బిల్ విల్సన్, డాక్టర్ బాబ్ స్మిత్ అనే ఇద్దరు తాగుడు బాధితులు ఒకరి కథ ఒకరికి చెప్పుకోవడంతో ఆల్కహాలిక్స్ అనానిమస్ మొదలైంది. ఆ కూటాల్లో పూర్తి పేరు చెప్పనక్కరలేదు. మాట్లాడి తీరాలనీ లేదు.

మనమూ ఎవరినీ బలవంతంగా నిలబెట్టి సాక్ష్యం చెప్పించకూడదు. అలా చెప్పినవారు మళ్ళీ తాగితే, సిగ్గుపడి ఆసుపత్రికి కూడా రారు.

కథ విని మనసు మారినవారికి నా మనవి: రోజూ బాగా తాగేవారు ఒక్కసారిగా మానేస్తే వణుకు, ఫిట్స్, ప్రాణాపాయం కూడా రావచ్చు. నిర్ణయం తీసుకున్న రోజే ఆసుపత్రికి రండి.

– నర్సింగ్ సూపరింటెండెంట్