గర్భవతి, బీపీ మాత్ర

ఇటీవలి సంవత్సరాలలో రమజాన్ మాసం మిరప కోతల రోజుల్లోనే వస్తోంది. అప్పుడు గుంటూరు, ప్రకాశం పల్లెల నుండి మాకు తరచూ అందే ప్రశ్న ఇది: బీపీ మాత్ర కడుపులోని బిడ్డకు హాని కదా, మానేసి అల్లాహ్‌పై భారం వేయరాదా?

మానరాదు. అలాగని ఇంట్లో ఉన్న ఏదో ఒక మాత్ర వేసుకోనూ రాదు.

గర్భవతులకు వైద్యులు సాధారణంగా రాసేవి లాబెటలాల్, నిఫెడిపిన్, మిథైల్‌డోపా. మనలాగే పత్తి పండించే నాగపూర్ ప్రాంతంలో, రెండు ప్రభుత్వ ఆసుపత్రులలో, తీవ్రమైన రక్తపోటుతో వచ్చిన 894 మంది గర్భవతులకు వీటిలో ఏదో ఒకటి ఇచ్చి చూశారు. ఏ మందు తీసుకున్నవారిలోనైనా నాలుగింట మూడొంతులకు పైగా ఆరు గంటలలో రక్తపోటు అదుపులోకి వచ్చిందని 2019లో లాన్సెట్ వైద్య పత్రిక ప్రచురించింది.

టెల్మిసార్టన్, లోసార్టన్, ఎనలాప్రిల్, రామిప్రిల్ సంగతి వేరు. అత్తగారి మందుల డబ్బాలో తరచుగా ఉండేవి ఇవే. ముఖ్యంగా నాలుగో నెల నుండి ఇవి బిడ్డ మూత్రపిండాలను దెబ్బతీస్తాయి, ఉమ్మనీరు తగ్గిపోతుంది, బిడ్డ ప్రాణానికే ముప్పు వాటిల్లవచ్చు. ముందునుండే వీటిని వాడుతున్న స్త్రీ నెల తప్పిన వెంటనే డాక్టరు వద్ద మందు మార్పించుకోవాలి. తనంతట తాను ఆపి ఊరుకుంటే అదుపు తప్పిన బీపీ ఫిట్స్‌కు, మెదడులో రక్తస్రావానికి దారి తీయగలదు.

వైద్యం తెలియకుండా వైద్యం చేసినవాడు జరిగిన నష్టానికి బాధ్యుడవుతాడని అబూదావూద్ హదీసు సంకలనంలో ఉంది. తన మాత్రను కోడలికి తుంచి ఇచ్చే అత్తగారు ప్రేమతోనే ఇస్తారు. అయినా ఆ బాధ్యత తప్పదు.

ఇక ఉపవాసం. గర్భవతికీ, పాలిచ్చే తల్లికీ ఇందులో సడలింపు ఉందని తిర్మిజీ హదీసు తెలుపుతోంది. లాబెటలాల్ రోజుకు రెండు మూడు సార్లు వేసుకోవలసిన మందు. సహరీకి, ఇఫ్తార్‌కు సరిపోయేలా వేళలు సొంతంగా మార్చుకోవడం ప్రమాదకరం. డాక్టరు వద్దంటే ఉపవాసం విడిచి తర్వాత కజా చేసుకోవచ్చు. ఆమెకు ఇందులో పాపం లేదు. సూటిపోటి మాటలనేవారికే ఉంది.

2016 నుండి ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వ ఆసుపత్రులలో గర్భవతులకు ఉచిత పరీక్షలు జరుగుతున్నాయి. ఒక్కరోజు కూలి పోతుందని ఆగవద్దు. మాత్రల అట్ట వెంట తీసుకువెళ్లండి, ఎర్ర మాత్ర, తెల్ల మాత్ర అంటే డాక్టరుకు తెలియదు. తీవ్రమైన తలనొప్పి, కళ్లు మసకబారడం, పైపొట్టలో నొప్పి, ముఖం ఉబ్బడం కనబడితే మిరప ఘాటనో ఎండ దెబ్బనో అనుకోక వెంటనే 108కి ఫోను చేయాలి. కాన్పు తర్వాత చిల్లా నలభై రోజులలోనూ ఈ ముప్పు ఉంటుంది. బిడ్డ పుట్టింది కదా అని డాక్టరును అడగకుండా మాత్రలు ఆపవద్దు.